రిమోట్ తాత అడిగే ప్రశ్న

“మనం లేనప్పుడు ఇంట్లోకి ఎవరో వస్తున్నారు.”

ఆమె ఆ మాట అనేసరికి భర్త పళ్ళు తోముకుంటున్నాడు. నోట్లో నురగతోనే తల తిప్పి చూశాడు. మూడేళ్ళ బుజ్జిది వంటగది గుమ్మంలో చతికిలబడి ఖాళీ గిన్నెలో చెంచా గిరగిరా తిప్పుతోంది. ఆమె ఫోను తీసుకెళ్ళి అతని ముఖం ముందు పెట్టింది. నిన్న పగలు పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి ఎవరో సినిమాల యాప్‌లో ఒక సినిమా అద్దెకు తీసుకున్నారు. కాసేపటికే ఇంకొకటి. రెండింటి డబ్బులూ ఆమె కార్డులోంచే పోయాయి. తీసుకున్నది ‘హాల్ టీవీ’ నుంచి. ఖాతా పేరు ‘బుజ్జి’. పేరు పక్కన రెండు పిలకలతో పిల్ల నవ్వుతున్న ఫొటో.

“నిన్న ఆ టైముకి నేను ల్యాబ్‌లో ఉన్నా. నువ్వు డిపోలో ఉన్నావు. ఇది క్రెష్‌లో ఉంది. ఇంటికి తాళం ఉంది.”

అతను నురగ ఉమ్మేసి, “యాప్‌కి పిచ్చెక్కి ఉంటుందిలే,” అన్నాడు.

“రెండు వారాల్లో తొమ్మిదిసార్లు ఎక్కిందా పిచ్చి?”

అతను నోరు పుక్కిలించడం ఆపేశాడు.

ఆమె తాగునీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. కుళాయి నీళ్ళు సీసాల్లో వస్తాయి. వాటిని వెచ్చటి పెట్టెలో ఒక రోజంతా ఉంచి, మర్నాడు గాజుపళ్ళెంలో మొలిచిన చుక్కలు లెక్కపెట్టి, ఈ నీళ్ళు తాగొచ్చు, ఇవి తాగకూడదు అని సంతకం పెట్టాలి. కంటికి కనబడని దాన్ని పట్టుకోవడమే ఆ పని. అందుకే కాబోలు, కనబడనిది ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం. బుజ్జిది పుట్టాక ఆ నమ్మకం ఇంకాస్త ముదిరింది. పిల్ల తుమ్మితే చాలు, ఈమె థర్మామీటరు వెతుకుతుంది.

ఆ రోజు ల్యాబ్‌లో సీసాల మధ్య కూర్చుని, తమ ఇంటి వైఫైకి ఇప్పుడు ఏయే వస్తువులు తగులుకుని ఉన్నాయో ఫోనులో తెరిచి చూసింది. ఒకటే ఉంది. హాల్ టీవీ. ఎవరో ఎక్కడో దూరాన కూర్చుని ఖాతా దొంగిలించారేమోలే అని కాస్త ధైర్యం చెప్పుకుంటూ వచ్చింది ఇంతసేపూ. ఇప్పుడు ఆ ధైర్యం కూడా పోయింది. టీవీ ఇంట్లోనే వెలుగుతోంది. తాళం వేసిన ఇంట్లో.

ఇంకో సంగతి కూడా కనబడింది. అద్దెకు తీసుకున్న సినిమాల్లో ఏ ఒక్కటీ అర నిమిషం మించి చూడలేదు. కొనడం, ముప్పై సెకన్లు నడపడం, ఆపెయ్యడం.

సాయంత్రం భర్త కూడా ఆ సినిమాల జాబితా చూసి తల గోక్కున్నాడు. “చూడనివాడు డబ్బు పెట్టి కొనడం దేనికి?”

“మనకి తెలియడానికి,” అందామె. “వచ్చి వెళ్తున్నానని మనకి తెలియాలి వాడికి.”

ఆ మాట అన్నాక ఇద్దరూ కాసేపు బుజ్జిదాని వైపే చూస్తూ కూర్చున్నారు. అది తన లోకంలో తానుండి బొమ్మ కుక్కకి జోల పాడుతోంది.

అక్కకి ఫోన్ చేస్తే అక్క పడీ పడీ నవ్వింది. “అయితే మీ దొంగ వచ్చి సినిమా కొనుక్కుని, టీవీ మాత్రం ఉన్నచోటే వదిలేసి పోతున్నాడా? ఎంత మర్యాదస్థుడే! మా ఆయన కంటే నయం. ఒకసారి మా ఇంటికి పంపు, అంట్లు కూడా తోముతాడేమో.”

“అక్కా, నవ్వకు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“సరే సరే. ఖాతా మూసెయ్యి, పీడా పోతుంది.”

భర్త కూడా అదే అన్నాడు. ఆమె ససేమిరా అంది. ఖాతా మూస్తే డబ్బు పోవడం ఆగుతుంది, వచ్చేవాడు ఆగడు కదా? వాడు వస్తున్నట్టు తెలిపే ఆధారం అదొక్కటే. దాన్ని చేజేతులా చెరిపేసుకుని పిల్లని ఆ ఇంట్లో ఎలా పడుకోబెట్టడం? పోలీసులకు చెబుదామంటే భర్త నీళ్ళు నమిలాడు. “ఏమని చెప్పను? దొంగ రోజూ వచ్చి సినిమాలు కొంటున్నాడనా? నన్నే ఓ గంట కూర్చోబెట్టి టీ తాగించి పంపిస్తారు.”

చివరికి తాళం మార్పించారు. తాళాలాయన పాతదాన్ని అరచేతిలో ఆడిస్తూ, “ఇది రాయిలాంటి తాళమమ్మా, దీన్నెందుకు పీకేశారు?” అన్నాడు. ఆమె డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. కొత్త తాళానికి రెండే చెవులు. ఒకటి తన సంచిలో, ఒకటి భర్త జేబులో.

మర్నాడు పదకొండూ నలభైకి ఫోను గర్రుమంది. మల్లయుద్ధాల సినిమా ఒకటి అద్దెకు తీసుకున్నందుకు ధన్యవాదాలు.

ఆమె సీసాలు సీసాల్లాగే వదిలేసి పరుగెత్తింది. మెట్లెక్కి, తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల చప్పుడు లేదు. తలుపు తీసింది. ఎవరూ లేరు. కిటికీల గడియలన్నీ వేసే ఉన్నాయి. టీవీ వెనక చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. పావుగంట క్రితం వెలిగిన టీవీ అంత చల్లగా ఎలా ఉంటుంది? పిల్ల గదిలో బొమ్మ కుక్క నేల మీద పడి ఉంది. పొద్దున మంచం మీద ఉందా, నేల మీదే ఉందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ కుక్కని తీసి మంచం మీద పెట్టడానికి కూడా ఆమెకి చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నమే రాజీనామా ఉత్తరం రాసింది. ఇంట్లో ఎవరో ఒకరు ఉంటే వాడు రాడు. ఉండాల్సింది తనే. ఏడేళ్ళ చదువు, నాలుగేళ్ళ ఉద్యోగం, వచ్చే నెలలో చేతికొస్తుందన్న పర్మనెంటు కాగితం, అన్నీ కలిసి నాలుగు వాక్యాలయ్యాయి. సోమవారం ల్యాబ్ మేడమ్ చేతికివ్వాలని మడిచి సంచిలో పెట్టుకుంది.

శనివారం ల్యాబ్‌కి సెలవు. భర్తకి డ్యూటీ. ఇల్లు తుడుస్తుంటే బుజ్జిది రిమోట్ తీసుకెళ్ళి తుడుపు బకెట్‌లో స్నానం చేయించింది. “దానికి కూడా జలుబు చెయ్యదా అమ్మా?” అని అడిగింది కూడా. టీవీ లేకపోతే పిల్లకి అన్నం దిగదు. ఆమె తడి రిమోట్ ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని, పిల్లని చంకనేసుకుని మెట్లు దిగింది.

సరిగ్గా వాళ్ళ వంటగది కిందే రిమోట్ తాత కొట్టు. షట్టరు వెనక సందులోకి ఉంటుంది కాబట్టి వీధి వైపు నుంచి వచ్చీపోయేవాళ్ళకి అలాంటి కొట్టు ఒకటుందని గుర్తుండదు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. గోడకి కట్టిన దారాల మీద రిమోట్లు బారుగా వేలాడుతుంటాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ. తాతకి పేర్లు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. అందుకని చీటీల మీద ‘టైలరు’, ‘మూడో అంతస్తు’, ‘బేరం ఆడే ఆవిడ’, ‘బాకీ లేని మాస్టారు’ అని రాసుకుంటాడు. బేరం ఆడే ఆవిడ తన చీటీ చదువుకుని, అప్పటికప్పుడు ఇంకో బేరం ఆడిందట.

ఆయన కుర్రతనంలో టీవీలు చేసే కార్ఖానాలో చేరాడు. పంతొమ్మిదేళ్ళు ఒకే కుర్చీ. పెట్టె బిగింపు అయ్యాక బొమ్మ చూడ్డానికి వేరే మనిషి, శబ్దం వినడానికి ఈయన. రోజుకి రెండు వందల పెట్టెలు కళ్ళు మూసుకుని విని, ‘బాగుంది’, ‘గరగర ఉంది’ అని చెప్పడమే పని. కార్ఖానా మూతపడ్డాక ఈ కొట్టు పెట్టాడు. ముందున్న స్టూలు మీద భార్య కూర్చుని చీటీలు రాసేది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. స్టూలు మాత్రం అక్కడే ఉంది. దాని మీద ఏ సామానూ పెట్టడు, కూర్చోమని ఎవరినీ అడగడు. బుజ్జిదాన్ని మాత్రం చూడగానే, “ఎక్కవే గడుగ్గాయ్,” అని ఎత్తి దాని మీద కూర్చోబెట్టాడు.

“రిమోట్ పోయింది తాతగారూ,” అందామె.

“పోయిందంటే చాలదమ్మా. ఏం పోయింది? ఏం మిగిలింది?”

కొట్టుకి ఎవరొచ్చినా ముందు ఆయన అడిగే మాట అదే. ఆమెకి చిరాకేసింది. “బకెట్లో పడింది. నీళ్ళు పోయాయి లోపలికి.”

“అది కారణం. నేనడిగింది వేరు,” అంటూనే ఆయన రిమోట్ వెనక మూత విప్పాడు. దూదితో తుడిచి, కుంచెతో విదిలించి, చిన్న ఫ్యాను ముందు ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. తర్వాత రిమోట్‌ని మూల అరలోకి గురిపెట్టాడు. అక్కడ నల్లటి పెట్టె ఒకటి ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎర్ర మీట ఒకసారి, కుడి మీట నాలుగుసార్లు, కింది మీట మూడుసార్లు, నడిమి మీట వరసగా పదిసార్లు నొక్కాడు. నొక్కినప్పుడల్లా చీకట్లోంచి ‘టుంగ్, టుంగ్’ అని చిన్న చప్పుడు. పెట్టెలో ఏదో సంగీతం మొదలైంది. శబ్దం పెంచాడు, తగ్గించాడు, చివరికి ఎర్ర మీట నొక్కి ఆపాడు.

“బ్రహ్మాండం. తీసుకో తల్లీ.”

ఆమె చేతిలో ఫోను గర్రుమంది.

అద్దెకు తీసుకున్నందుకు ధన్యవాదాలు. హాల్ టీవీ. బుజ్జి.

ఆమె పెట్టిన కేకకి బుజ్జిది స్టూలు మీదే ఘొల్లుమంది. తాత చేతిలోంచి రిమోట్ జారి కింద పడింది. “మీరా? మీరేనా?” అంటోంది ఆమె, అదొక్కటే మాట, మళ్ళీ మళ్ళీ. “నా పిల్ల పేరు మీకెలా తెలిసింది? అందులో ఏముంది? ఏముంది ఆ పెట్టెలో?”

“ఏమీ లేదమ్మా! బొమ్మ రాని టీవీ అది. నెలన్నర కింద మీ ఆయనే ఇచ్చాడు, పార్టులకి పనికొస్తుందని.”

ఆమె ఆ పెట్టె దగ్గరికి వంగి చూసింది. పాత టీవీ. తెర నల్లబడి చచ్చిందనుకున్న టీవీ. అదీ హాల్లోనే ఉండేది. కొత్తది కొన్నాక అదే చోట పెట్టి, అదే పేరు పెట్టింది తనే.

“ఏం పోయింది, ఏం మిగిలింది అని మీ ఆయన్నీ అడిగానమ్మా,” అన్నాడు తాత. “అంతా పోయింది తాతా, ఉంచుకో అన్నాడు.”

ఆయన టార్చి తీసి, టీవీని మళ్ళీ వెలిగించి, నల్లటి తెర మీదకి వెలుగు కొట్టాడు. వెలుగు పడినంత మేర, నీళ్ళ అడుగున ఉన్నట్టు, మసక బొమ్మ తేలింది. సినిమాల వరస. ఆ పైన, మూలకి, రెండు పిలకల పిల్ల ముఖం నవ్వుతోంది.

“అదుగో నేను!” అంది బుజ్జిది, ఏడుపు టక్కున ఆపేసి.

తెర వెనక దీపం ఒక్కటే పోయింది. లోపలి టీవీ శుభ్రంగా ఉంది. పై అంతస్తులోని వైఫై దానికి ఇంకా అందుతోంది, పాస్‌వర్డు గుర్తుంది. ఖాతా తెరిచే ఉంది, కార్డు అంటుకునే ఉంది. అద్దెకి తీసుకునే ముందు రహస్య సంఖ్య అడిగేది ఒకప్పుడు. సంఖ్య వెతికేలోగా పిల్ల రాగం తీస్తోందని దాన్ని తీసేసిందీ తనే. తాత కొట్టులో రిమోట్లు పరీక్షించే పాత పెట్టె రెండు వారాల కింద మూలపడితే దీన్ని కరెంటుకి తగిలించాడు. ఆయనకి కావలసింది శబ్దం. బొమ్మ లేకపోతే మరీ మంచిది, కంటికి పని ఉండదు. ఆ కంపెనీ రిమోట్ బాగయినప్పుడల్లా పదిసార్లు నడిమి మీట నొక్కాడు. అది ఏ సినిమా మీద ఉంటే ఆ సినిమా కొనేసింది.

తాత టార్చి ఆర్పేశాడు. “ఎన్ని కొన్నానమ్మా?”

“పదకొండు.”

“నేను జన్మలో అన్ని సినిమాలు చూడలేదు తల్లీ. నన్ను జైల్లో పెడతారా? కొట్టు మూయిస్తారా?”

రెండు వారాలుగా తన ఇంట్లో తిరుగుతున్న మనిషి ఈయనేనా అని ఆమె చూస్తోంది. బనియనుకి రెండు చిల్లులు, చెవి మీద పెన్సిలు, తనకంటే ఎక్కువగా వణుకుతున్న చేతులు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయామెకు. అక్కడే, షట్టరు గడప మీద కూలబడి, తాళం సంగతీ, బొమ్మ కుక్క సంగతీ, సంచిలో ఉన్న ఉత్తరం సంగతీ అన్నీ చెప్పింది.

“పగలు ల్యాబ్‌లో ఉన్నప్పుడే, మా టీవీ ఆపి ఉన్న టైములోనే, ఆ వైఫై జాబితా చూశాను తాతగారూ. ఇంట్లో టీవీ పెట్టుకుని ఒక్కసారి చూసినా రెండు హాల్ టీవీలు కనబడేవి. నీళ్ళ పరీక్షలో పక్కన మంచి నీళ్ళ సీసా కూడా పెట్టి పోల్చుకోకపోతే మా మేడమ్ చీల్చేస్తుంది. ఇంటి విషయానికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైందో!”

“భయం వేసిందిగా,” అన్నాడాయన. కాస్త నిదానించాక, భార్య కూర్చునే స్టూలు మీద కాళ్ళాడిస్తున్న బుజ్జిదాన్ని చూసి అన్నాడు. “మా ఆవిడ పోయిన కొత్తల్లో నేను రెండు నెలలు షట్టరు ఎత్తలేదమ్మా. అంతా పోయిందనే అనుకున్నా. ఒకరోజు టైలరొచ్చి తలుపు బాది, నా రిమోట్ మాట ఏంటి అని తిట్టిపోశాడు. అప్పుడనిపించింది, వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతాను కదా, నన్ను నేను అడగలేదే అని. భయమేసినప్పుడు ముందు రెండూ అడుగు తల్లీ. ఏం పోయింది? ఏం మిగిలింది? రెండోది అడక్కుండా ఏ నిర్ణయమూ చెయ్యకు. టీవీని పారేసేటప్పుడైనా సరే, ఉద్యోగాన్ని పారేసేటప్పుడైనా సరే.”

ఆయన టార్చి పట్టుకుంటే ఆమె ఆ మసక తెర మీద వెతుక్కుంటూ ఖాతాలోంచి బయటికొచ్చింది. కార్డు తీసేసింది. పిల్ల ముఖం తెర మీంచి చెదిరిపోయింది. యాప్ కంపెనీవాళ్ళు కొంత సొమ్ము తిరిగిచ్చారు, మిగతాది ఇవ్వలేదు. అది తానిస్తానని తాత పట్టుబట్టాడు, ఆమె పుచ్చుకోలేదు. పుచ్చుకోనందుకు కోపమొచ్చి, వాళ్ళింటి చీటీ మీద ‘మొండి అమ్మాయి, డబ్బు తీసుకోరాదు’ అని రాసి పెట్టుకున్నాడు.

సోమవారం ఉత్తరం సంచిలోంచి బయటికి రాలేదు. తర్వాతి నెల పర్మనెంటు కాగితం వచ్చింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు, దాని చోటు దానికి ఉంది.

మొన్న పొద్దున బుజ్జిదాని ఒళ్ళు కాలిపోతుంటే ఆమెకి మళ్ళీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. థర్మామీటరు పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఏం పోయింది? ఆకలి పోయింది, హుషారు పోయింది. ఏం మిగిలింది? నీళ్ళు తాగుతోంది. పిలిస్తే పలుకుతోంది. ఊపిరి తేలిగ్గానే ఆడుతోంది. కుక్కకి కూడా జ్వరం చూడమని పోరుతోంది.

ఆమె ముందు కుక్కకి చూసి, తర్వాత డాక్టరుకి ఫోన్ చేసింది.