గడ్డి కరిచిన అమ్మమ్మ

మా అమ్మమ్మ బాతుపిల్లలకు తవుడు తడిపి, వేలితో తీసి నాకి చూసి మరీ పెడుతుంది. మా కూరలో ఉప్పు చూసిన పాపాన మాత్రం పోదు. బాతులు ఎదిగితే గింజలు, మెడ పొడుగు పెద్దబాతుల జాతి పిల్లలకైతే గడ్డి. "తవుడు రుచి మరిగితే వీటి రెక్కలు మెలిపడతాయిరా," అంటూనే ఒక గారాల పెద్దబాతు పిల్లకు చాటుగా తవుడే పెట్టేది. మొన్న దాని రెక్క కొస బయటికి తిరగడం ఆవిడ కంటపడింది. వెంటనే తవుడు గిన్నె బోర్లించింది. పిల్ల అలిగి గడ్డి ముట్టలేదు. దాంతో అమ్మమ్మ పెరట్లో మోకాళ్ల మీద వంగి, గడ్డిపరక నోట కరిచింది.

"ఏంటి పిన్నిగారూ, ఇవాళ పొయ్యి వెలిగించలేదా?" అంది గోడ మీంచి పక్కింటావిడ.

అమ్మమ్మ పలికితే పరక జారిపోదూ! పిల్ల వచ్చి ఆ పరకే లాక్కుని తినేసి, ఇంకోదాని కోసం నేల మీద వెతుక్కుంది. ఆకుకూరంటే మొహం తిప్పుకునే తాతయ్య కిటికీలోంచి ఇదంతా చూశాడు. ఆ పూట మారుమాట లేకుండా ఆకుకూర తిన్నాడు.