నిన్నగాక మొన్న వచ్చిన రూతక్క

పొద్దున పెరట్లో నిమ్మకొమ్మ ఒకటి కత్తిరిస్తుంటే ఆకు వేళ్ళ మధ్య నలిగింది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, కత్తెర చేతిలో అట్లాగే ఉండిపోయింది. మట్టి దాకలో ఉడికే చేపల పులుసు, ఉప్పుగాలి, మా అవ్వ తిట్లు, రూతక్క నవ్వు అన్నీ కట్టగట్టుకుని వచ్చేశాయి. నిజానికి ఈ కొమ్మ కొట్టే పని నేను కోరి పెట్టుకున్నది కాదు. గోడ అవతలి కోటమ్మ గారు నా చెట్టు ఆకులు తన వాకిట్లో రాలుతున్నాయని నిన్న నన్ను దులిపి ఆరేసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు రూతక్క గురించి చెప్పాలి. ఆమెను చూడనివాళ్ళకు ఆమెను గురించి చెప్పడం నాకు ఇష్టమైన పని.

మాది కృష్ణపట్నానికి దగ్గర్లో సముద్రం చప్పుడు వినబడే పల్లె. ఇంట్లో మా అవ్వ సారమ్మ, బడిపంతులైన మా నాన్న, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా అవ్వ చెల్లెలు పెళ్ళయ్యాక భర్త వెంట రంగూను వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆమె మనవరాలే రూతక్క. అక్కడే పుట్టి, అక్కడే నర్సు చదువు చదివి, ఆ దేశపు పాస్‌పోర్టు పట్టుకుని, అరవైల నడుమ ఒక ఎండాకాలం మమ్మల్ని చూసిపోదామని వచ్చింది. వచ్చినవాళ్ళు పెట్టెలోంచి రోజుకో చీర తీసి కట్టుకుంటారు గదా, రూతక్క అట్లా కాదు. వచ్చిన పూటే పెట్టె మొత్తం ఖాళీ చేసింది. చీరలు మా దండెం మీదికి, దువ్వెన మా అద్దం పక్కకు, బైబిలు మా నాన్న బైబిలు పక్కకు చేరాయి. ఉత్త పెట్టెను కాలితో మంచం కిందికి తోసేసింది. మా అవ్వ బిత్తరపోయి చూసింది.

నాలుగు రోజులకని వచ్చి ఇదంతా ఎందుకక్కా అని అడిగాను. అప్పటికి నేను పదకొండో తరగతి గట్టెక్కి, నర్సు చదువుకు నెల్లూరు పోవాలని ఆశ ఉండి కూడా, ఊరు దాటాలంటే జంకి ఇంట్లో కూర్చున్నదాన్ని.

"నాలుగు రోజులైనా ఉండాల గదా సుగుణా. పెట్టెలో నుంచి బతికితే యాడా ఉన్నట్టుండదు," అంది రూతక్క.

నాలుగు రోజులు కాస్తా నెలలయ్యాయి. ఆమె ఇక్కడుండగానే రంగూనులో సైన్యం పాలన బిగిసి రోజులు మారిపోయాయి. తిరిగి వెళితే మళ్ళీ బయటికి రానిస్తారన్న నమ్మకం లేదు. వాళ్ళమ్మ అప్పటికే పినాంగు అనే మరో దేశపు రేవు ఊళ్ళో కొడుకు దగ్గర చేరింది. అక్కడి ఆసుపత్రివాళ్ళు రూతక్కకు ఉద్యోగం ఇస్తామన్నారు. రావలసిందల్లా పని చేసుకునే వీసా. దానికోసం మద్రాసు వెళుతూ నన్నూ వెంటబెట్టుకుని పోయింది. రైల్లో నేను మూట ఒళ్ళో పెట్టుకుని బిగుసుకు కూర్చుంటే, ఆమె ఎదుటి బల్లమీది ముసలమ్మ కాళ్ళ వాపు చూసి మందు చెబుతోంది.

పినాంగుకు వీసాలిచ్చే ఆఫీసులో బల్ల వెనకాల కూర్చున్నాయన మర్యాదస్తుడే. పాస్‌పోర్టు తిరగేసి, మీది ఈ దేశం కాదు, మీరుండేదీ ఇక్కడ కాదు, చుట్టపుచూపుగా వచ్చినచోట కూర్చుని మూడో దేశంలో పనికి వీసా అడిగితే ఇచ్చే పద్ధతి లేదు, మీ దేశం వెళ్ళి అక్కడ అడగండి అన్నాడు. మా మొహాలు చూసి జాలిపడ్డాడేమో, ఒక దారి కూడా చెప్పాడు. ఆర్నెల్లకు మించి ఒకే ఊళ్ళో నివాసం ఉంటున్నట్టు పోలీసులు విచారించి రాసిస్తే అర్జీ ఇక్కడే తీసుకుంటామన్నాడు. పాస్‌పోర్టు మీది ముద్ర దేశంలోకి ఎప్పుడు వచ్చారో చెబుతుంది గానీ ఎక్కడ ఉంటున్నారో చెప్పదట. ఇంతేగదా అనుకున్నాం. ఆమె వచ్చి అప్పటికి ఆర్నెల్లు ఎప్పుడో దాటింది, ఊరు ఊరంతా సాక్ష్యం.

తిరుగు ప్రయాణంలో గూడూరు స్టేషనులో బండి చాలాసేపు ఆగింది. నిమ్మకాయల బుట్టల పక్కన ఒకాయన మొక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. రూతక్క దిగి ఒక నిమ్మమొక్క కొనుక్కొచ్చింది. వెళ్ళిపోయే మనిషివి, ఇదెప్పటికి కాస్తుంది అన్నాను. నేనిక్కడ ఉండడం లేదన్నాడు గదా ఆ వీసా ఆయన, నాటితే ఉన్నట్టేగదా అని నవ్వింది. పెరట్లో నాటింది గానీ కాయల దాకా ఆమె ఆగనే లేదు. నాలుగు ఆకులు తొడగడం ఆలస్యం, తుంచి చేపల పులుసులో వేసేది. రంగూనులో అట్లా వేస్తారట. మా అవ్వ ముక్కు ఎగబీల్చి, ఏమీ అనకుండా మింగేది. చుట్టాన్ని అనగూడదు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. మా వైపు ఇంటికొచ్చిన చుట్టం ఎన్నాళ్ళున్నా సరే, ఎప్పుడొచ్చారని ఎవరైనా అడిగితే నిన్నగాక మొన్న అనే అనాలి. నెలల లెక్క చెప్పామంటే పొమ్మనకుండా పొగబెట్టినట్టే. విచారణకు కానిస్టేబులు వచ్చిన రోజు నేనూ రూతక్కా పక్క పల్లెలో ఒక కాన్పు దగ్గర ఉన్నాం. మా అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, నిన్నగాక మొన్నే గదా నాయనా వచ్చింది, బిడ్డ ఇంకా సరిగ్గా అన్నమన్నా తిన్లేదు అని చెప్పిందట. పక్కింటివాళ్ళూ అదే మాట, చిల్లరకొట్టు ఆయనా అదే మాట. నెలల తరబడి ప్రతి ఆదివారం పాటల్లో రూతక్క గొంతు విన్న పాస్టరు గారు కూడా కండువా సర్దుకుని, ఈ మధ్యనే దయచేశారు అన్నారట. ఊరంతా కలిసి ఇంత మర్యాదగా ఒక మనిషి కొంప ముంచడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానిస్టేబులు విన్నది విన్నట్టు రాసుకుని పోయాడు. కొత్తగా వచ్చిన అతిథి, నివాసి కాదు అని తేల్చారు.

సంగతి తెలిసి రూతక్క కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగింది, నీళ్ళు ఆగలేదు. వానాకాలం లోపల రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని పినాంగునుంచి కబురొచ్చి ఉంది. అన్ని నెలల్లో ఆమె బెంగపడగా చూడటం నాకు అదే మొదలు, నాకు చాలా భయమేసింది. మా నాన్న నెల్లూరు పోయి, బతిమాలి, మళ్ళీ విచారణకు ఒప్పించి వచ్చాడు. ఉన్న నిజం చెప్పవ్వా అని మేమందరం అవ్వ చుట్టూ చేరాం.

"ఇంటికొచ్చిన మనిషి ముందర, ఇన్ని నెల్ల నుంచి మా ఇంట్లో తింటా ఉండాదని నోటితో అంటే, ఆ బిడ్డ ముద్ద మింగగలదా?" అంది అవ్వ.

ఈసారి నెల్లూరునుంచి పెద్ద హెడ్డుకానిస్టేబులు వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఈమె ఎప్పట్నుంచి ఇక్కడుంటోందమ్మా అని అడిగాడు. వారమంతా మా నాన్న వల్లె వేయించిన జవాబు అవ్వ నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. నిన్నగాక, అంటూ మొదలుపెట్టింది. మా నాన్న తల పట్టుకున్నాడు. గడపలో కూర్చున్న రూతక్క మెల్లగా అంది:

"చెప్పవ్వా. ఆయన రాసిస్తే నేను పోతాను."

పోతాను అన్న మాట అవ్వకు ఎక్కడ తగిలిందో తగిలింది. అంతవరకూ వీసా అంటే ఏదో కాగితం అనుకుందే గానీ, దాని వెనకాల మనిషి పోవడం ఉందని ఆమె మనసుకు పట్టలేదు. లేచి నిలబడింది.

"పోతావా? ఎందుకు పోవూ? పోయిన ఎండాకాలంలో వచ్చినావు. వానల్లో నా పొయ్యి లాక్కున్నావు. కిస్మస్‌కు అరిసెల పాకం ముదరబెట్టినావు. మొక్కను బోడిచేసి, ఆ ఆకులన్నీ నా పులుసులో ఏసి, ఇంటిల్లిపాదికీ అదే అలవాటు చేసినావు. ఇన్ని నెల్లు నా పక్కన పండుకోని నా దుప్పటి లాక్కున్నావు. ఇప్పుడు పోతానంటే, నేనొక్కదాన్నే ఎట్టా పండుకోవాల?"

రూతక్క లేచి వెళ్ళి అవ్వను కావలించుకుంది. అవ్వ విదిలించుకుని, మళ్ళీ తనే పట్టుకుంది. హెడ్డుకానిస్టేబులు అప్పటికే రాయడం మొదలుపెట్టాడు.

"ఇంక సాక్షులు అక్కర్లేదు పంతులు గారూ," అన్నాడు మా నాన్నతో. "చుట్టాన్ని ఎవురూ ఇట్టా తిట్టరు. ఈమె ఈడ మనిషే."

ఆయన ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే నిమ్మాకుల పులుసు తిని వెళ్ళాడు. వీసా వచ్చింది. రూతక్కకు పెట్టె సర్దడం చేతకాలేదు, ఏడుస్తూ నవ్వుతూ నేనే సర్దాను. మద్రాసు రేవులో ఓడ ఎక్కేముందు ఆమె నాకు పెద్ద నీతులేమీ చెప్పలేదు. నెల్లూరు పో, పోయిన రోజే పెట్టె ఖాళీ చెయ్యి, తక్కినవి వాటంతటవే వస్తాయి అంది. ఆ ఏడాదే వెళ్ళాను. హాస్టలు గదిలో తక్కిన పిల్లలు పెట్టెల మీద కూర్చుని ఇంటికోసం ఏడుస్తుంటే, నేను మేకులకు చీరలు తగిలిస్తూ ఏడ్చాను.

ఆ తర్వాత రూతక్క రెండుసార్లు వచ్చింది. వచ్చిన రెండుసార్లూ అవ్వ ఆమెను గడపలోనే నిలబెట్టి, ఇన్నాళ్ళు యాడ చచ్చినావని తిట్టి లోపలికి తీసుకుపోయింది. మజ్జిగ కూడా ఇవ్వలేదు, కావాలంటే కుండ ఎక్కడుందో నీకు తెలీదా అంది. ఆ తిట్లు తినేటప్పుడు రూతక్క మొహం చూడాలి, పండగ పూట బిడ్డ మొహంలా ఉండేది.

నర్సుగా నన్ను ఎన్ని ఊళ్ళు తిప్పారో. ప్రతి ఊళ్ళోనూ వెళ్ళిన పూటే పెట్టె ఖాళీ చేశాను. ఉద్యోగం అయిపోయాక ఈ ఊళ్ళో ఇల్లు కొన్నది కూడా పెరట్లో ఈ చెట్టును చూసే. ఇక్కడికి వచ్చి కొద్ది నెలలే అయింది. కోటమ్మ గారు మొన్నటిదాకా నన్ను రండి, కూర్చోండి, కాఫీ తాగండి అంటూ కుర్చీ అంచున కూర్చోబెట్టి మర్యాదలతో చంపింది. నిన్న గోడ మీదుగా ఏకవచనంలోకి దిగింది. చెట్టు పెంచగానే సరిపోయిందా, ఊడ్చుకోవడం నీకు రాదా అంది. నాకు రోషం రావాలి. వచ్చింది కూడా, కాస్త. నేనూ రెండు మాటలన్నాను. లోపలికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం నవ్వు ఆగలేదు.

ఇప్పుడు ఈ కొమ్మ ఆకులు పులుసులోకి పోతాయి. ఒక గిన్నె గోడ మీద పెడతాను, ఆమె దానికీ ఏదో వంక పెడుతుంది. ఎప్పుడొచ్చారమ్మా ఈ ఊరికి అని మొన్న పాలాయన అడిగితే ఏం చెప్పాలో తోచక నసిగాను. రేపు అడిగితే చెబుతాను, నేను ఈడ మనిషినేనని.