మా ఆవిడ సర్దుకోమంది

మా షాపులో నిలబడి పనిచేసేవాడు కటింగు మాస్టారు ఒక్కడే. మిగతా వాళ్ళందరం కూర్చునే బతుకుతాం. మిషన్ల వాళ్ళు స్టూళ్ళ మీద, కాజాలూ గుండీలూ కుట్టే నేను గుమ్మం పక్కన చాప మీద. గుడ్డ మీద సుద్దగీత గీసే హక్కు మాస్టారిది. గీత తప్పితే పడే తిట్లు కూడా ఆయనవే. ఆయన గుడ్డని బల్ల మీద పరిచి, అరచేత్తో నిమిరి, కత్తెర ఆనించే ముందు ఊపిరి బిగబట్టేవాడు. కత్తెర ఆ చివరికి చేరాక గానీ ఊపిరి వదిలేవాడు కాదు. అలా రోజంతా ఊపిరి బిగబట్టే మనిషికి బయట ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలియకపోవడంలో వింతేముంది?

ఆయన భార్య నర్సు. విదేశంలో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. పిల్లల్లేరు. వెళ్ళేముందు ఆవిడ చెప్పిన మాట ఒక్కటే. ముందు నేను కుదురుకుంటాను, అనుమతి రాగానే మిమ్మల్ని పిలిపించుకుంటాను. ఆ మాట పాతబడి చాలా ఏళ్ళయింది. మాస్టారు మాత్రం పాస్‌పోర్టు చేయించుకుని, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, బియ్యం డబ్బాలో దాచుకున్నాడు. ఎలకలు దాన్ని కొట్టకుండా ఉంటే చాలు, మిగతావన్నీ ఆవిడ చూసుకుంటుందని ఆయన ధీమా.

ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ ఫోన్ చేసేది. మావి పక్కపక్క గదులు, మధ్య గోడ పలచన. తిన్నారా, తిన్నాను. నువ్వు తిన్నావా, తిన్నాను. చలిగా ఉందా, ఉంది. ఇంతకు మించి మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకుంటారో వినాలని నేను చాలాసార్లు చెవి ఒగ్గాను. ఇంతకు మించి ఏమీ ఉండేది కాదు.

షాపులో వేళాకోళాలకి లోటుండేది కాదు. కాలర్లు కుట్టే అతను మిషను ఆపకుండానే, "మాస్టారూ, నర్సమ్మ అక్కడ ఎవరికి సూది గుచ్చుతోందో ఏమో" అనేవాడు.

"మనం మాత్రం ఏం తక్కువ? మనదీ సూది బతుకేగా" అనేవాడు మాస్టారు, గుడ్డ మీంచి తల ఎత్తకుండా.

ఒకరోజు పనివేళలో ఫోన్ వచ్చింది. ఆదివారం కాదు. మిషన్లన్నీ ఒక్కసారే మోత పెడుతున్నాయి. మాస్టారు ఒక చెవి మూసుకుని, "ఏంటి? మళ్ళీ చెప్పు" అంటూ గుమ్మం దాకా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. లైను తెగింది. కాసేపు ఫోన్‌కేసి చూశాడు. మెల్లగా మొహం విచ్చుకుంది.

"మా ఆవిడ సర్దుకోమంది" అన్నాడు.

"ఏమందీ?"

"ఇంక ఎదురుచూడక్కర్లేదండీ, మీరు సర్దుకోండి అంది. ఆ ముక్క చెబుతూ ఏడ్చేసింది, పిచ్చిది. ఇన్నేళ్ళాయె మరి."

ఒక్కొక్క మిషనే ఆగింది. ఓనరు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అందరూ ఆయన చేతులు పట్టుకుని ఊపారు. నేను కూడా ఊపాను. లోపల మాత్రం నిప్పు పడింది. పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న పుస్తకాల్లో నేను తిరగని దేశం లేదు. కాళ్ళు మాత్రం ఆ చాప దాటలేదు. ఈయనకి ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియదు, పెట్టె సర్దుకుంటున్నాడు.

ఓనరుకి ఒక్కటే సందేహం. "టికెట్టు ఏదయ్యా? కాగితాలేవి? ఆలు లేదు చూలు లేదు అన్నట్టుంది నీ వ్యవహారం."

"ఆలు ఉందిగా. అదే రమ్మంటోంది" అన్నాడు మాస్టారు.

ఆ మాటకి ఓనరు కూడా నవ్వి ఊరుకున్నాడు.

ఒక మనిషి దూరం వెళ్తున్నాడంటే ఏం పట్టుకెళ్ళాలో చెప్పడానికి లోకమంతా లేచొస్తుంది. పక్క బడ్డీలో ఇస్త్రీ చేసే పెద్దావిడని అందరం అత్తా అంటాం. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి మరీ వచ్చి, "సూదీ దారం మర్చిపోకు నాయనా. పరాయిచోట గుండీ ఊడితే ఎవర్ని అడుగుతావు?" అంది.

"నేను దర్జీనే గదత్తా."

"అందుకే చెబుతున్నా. నీ చొక్కాకే రెండో గుండీ లేదు, చూసుకో."

కుక్కరు పెట్టుకోమన్నారు ఒకరు. వద్దు, అక్కడ కుక్కరు విజిలేస్తే పోలీసులొస్తారని మరొకరు. దుప్పట్లు, జలుబు మాత్రలు, తాళాలు, తాడు, దువ్వెన్లు. ఓనరు ఎవరో కుట్టించుకుని పట్టుకెళ్ళని ఉన్ని కోటు బహూకరించాడు. మాస్టారి అక్క పక్క ఊరి నుంచి బస్సులో చిన్న రాతి రోలు ఒళ్ళో పెట్టుకుని దిగింది.

"అక్కడ రాళ్ళుండవాక్కా?" అన్నాడు మాస్టారు.

"ఉంటాయిలే. నీకు రోలు చెక్కి ఎవరిస్తారు?"

పాత సామాన్ల కొట్టు నుంచి కొక్కెం తరాజు అరువు తెచ్చి, పెట్టెని దూలానికి వేలాడదీసి తూచాం. ముల్లు అడుగుకి దిగిపోయింది. మాస్టారు పెట్టె దించి, తెరిచి, ముందుగా రోలు తీసి పక్కన పెట్టాడు. అక్క మొహం మాడిపోయింది. "నా రోలు బరువైందీ, ఆ ఇనప కత్తెర దూదిపింజా?"

ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన కటింగు కత్తెర పెట్టె అడుగున ఉంది. నిజానికి రోలుకి ఏమంత తీసిపోదు.

"అక్కడ నాకు పనుండాలి కదక్కా" అన్నాడు.

"అక్కడ ఎవరూ కుట్టించుకోరు మాస్టారూ. అన్నీ రెడీమేడే" అన్నాను నేను. ఆయన సంతోషంలో ఎక్కడో ఒకచోట చిల్లు పొడవాలని ఉండేది నాకు.

"కొన్నవి వదులవుతాయిగా. బిగిస్తాను."

ఇలా రోజుకొకటి తీస్తూ, మరొకటి పెడుతూ ఉన్నాడు. ఆ మధ్య రెండు ఆదివారాలు ఫోన్ రాలేదు. డ్యూటీలు మారాయి, కుదరట్లేదు అని పొట్టి మెసేజి వచ్చింది. ఇల్లు చూసే హడావిడిలో ఉండుంటుంది, మనం విసిగించకూడదన్నాడు. ఇంటి ఓనరమ్మతో గది ఖాళీ చేస్తానని చెప్పేశాడు. ఆవిడ వెంటనే వేరేవాళ్ళకి మాటిచ్చేసింది. మంచం ఇస్త్రీ అత్తకి, స్టవ్వు కాలర్లతనికి వెళ్ళిపోయాయి. షాపుకి కొత్త కట్టరు కుదిరాడు. నున్నగా దువ్విన కుర్రాడు, ఫోన్లో డిజైన్లు చూపించి కొలతలు తీసుకుంటాడు. మాస్టారు దగ్గరుండి అతనికి బల్ల అప్పగించాడు. ఏ కాలు పొట్టిదో, ఏ మూల చెక్క లేచిందో చేత్తో తడిమి చూపించాడు.

ఇక చేతిలో పనిలేక, భార్యకి చలికోటు మొదలుపెట్టాడు. ముదురాకుపచ్చ రంగు, మందపాటి గుడ్డ. కొలతలు చూడడానికి ఆయనకి కాగితం అక్కర్లేదు.

"ఇన్నేళ్ళలో మనిషి లావవుతుంది, చిక్కుతుంది. పాత కొలతల్తో కుడితే ఎలా?" అన్నాను.

"లోపల గుడ్డ వదిలాను. విప్పుకుంటే రెండు వేళ్ళ వెడల్పు వస్తుంది" అన్నాడు. అన్నీ ఆలోచించుకున్నాడు పాపం.

ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చాక నన్ను గదిలోకి పిలిచాడు. గదిలో పెట్టె, చాప, గోడకి మేకులు తప్ప ఇంకేం మిగల్లేదు. "భుజాల్లో మా ఆవిడ నీ అంతే ఉంటుందిరా. ఒకసారి తొడుక్కో" అన్నాడు. నవ్వుతూ తొడుక్కున్నాను. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నా చుట్టూ తిరిగాడు. చెయ్యి పొడుగు దగ్గర ఆయనకి తేలలేదు. ఫోన్ కిటికీలో పెట్టి, స్పీకరు నొక్కి, భార్యకి కలిపాడు. నోట్లో సూదులు తీసి చొక్కా అంచుకి గుచ్చుకున్నాడు.

"ఏవోయ్, చెయ్యి పాత కొలతే ఉంచనా? లోపల స్వెటరు వేసుకుంటావేమో, కాస్త వదలనా?"

"దేనికండీ?"

"కోటుకి. నీకే. తెస్తున్నాగా."

"ఎక్కడికి తెస్తున్నారు?"

మాస్టారు నావైపు చూసి నవ్వాడు. "ఎక్కడికంటావేంటి? నువ్వేగా సర్దుకోమన్నావు. మొత్తం సర్దేశా. గది కూడా వదిలేశా."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. లైను తెగిందేమోనని మాస్టారు కిటికీ దగ్గరికి వంగాడు.

"ఏవండీ. నేను చెప్పింది అది కాదండీ."

"మరి?"

"సర్దుకోమంటే పెట్టె కాదు. నేనింక రాను. మిమ్మల్ని పిలిపించుకోను కూడా. నాకిక్కడ ఇలాగే అలవాటైపోయింది. పక్కన ఎవరూ లేరు, అలాంటిదేం అనుకోకండి. ఒక్కదాన్నే ఉండటం బాగుంది. అందుకే నాకోసం ఎదురుచూడక్కర్లేదు, మీరెలాగో సర్దుకోండి అన్నాను. ఆ మోతలో మీకు వినపడలేదనుకుంటా."

"వినపడింది" అన్నాడు మాస్టారు. "మాట వినపడింది."

"నా కోసం కోటూ అవీ కుట్టకండి."

"అయిపోయింది. కాజాలొక్కటే మిగిలాయి."

మొదటిసారి చెప్పినప్పుడు ఏడ్చిన మనిషి ఈసారి ఏడవలేదు. రెండోసారి చెప్పడం తేలికేమో. జాగ్రత్త అని ఆవిడ, సరే అని ఈయన, ఫోన్ ఆగిపోయింది. ఆవిడ కోటు తొడుక్కుని నేను చేతులు చాపి అలాగే నిలబడి ఉన్నాను. చెమటలు కారిపోతున్నాయి.

"విప్పెయ్" అన్నాడు. "మెల్లగా. ఎడమ చంకలో సూదుంది."

కోటు విప్పి చేతికిచ్చాను. నాలో ఉన్న కసి అంతా ఆవిడ మీదకి మళ్ళింది. "ఎంత మోసం చేసింది" అన్నాను.

"మోసం ఎక్కడుందిరా? తెలుగులోనే చెప్పింది."

షాపులో ఎవరికీ చెప్పొద్దన్నాను. గది ఖాళీ చేస్తానన్న రోజున పెట్టె పట్టుకుని బయల్దేరమన్నాను. దూరంగా ఏదో ఊళ్ళో పని చూసుకోవచ్చు, ఇక్కడివాళ్ళు విదేశం వెళ్ళాడనే అనుకుంటారని చెప్పాను. పుస్తకాల్లో ఇలాంటివి బోలెడు చదివాను. ఆయన కోటుని మేకుకి తగిలించి, మడత పడిన చోట అరచేత్తో నిమిరాడు.

"ఆ అబద్ధం ఎన్నాళ్ళు మొయ్యను? దానికంటే మా అక్క రోలే తేలిక."

మర్నాడు పొద్దున షాపుకి వచ్చి, అందరూ ఉండగా తనే చెప్పాడు. "మా ఆవిడ సర్దుకోమందని నేను పెట్టె సర్దుకున్నా. అదేమో బతుకు సర్దుకోమందంట" అన్నాడు. ముందు కాలర్లతను ఫక్కుమన్నాడు. ఇక ఆగలేదు. ఓనరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా కొత్త కట్టరూ నవ్వాడు. ఆ షాపు పెట్టాక అంత మంచి జోకు ఎవరూ వేసి ఉండరు. మాస్టారు అందరికంటే ఎక్కువ నవ్వాడు. నాకు నవ్విన వాళ్ళ మీద కంటే, నవ్వించిన ఆయన మీదే ఒళ్ళు మండింది. ఇస్త్రీ అత్త మాత్రం గుమ్మంలోంచే విని, వెళ్ళి బొగ్గులు కెలుక్కుంది. సాయంత్రం మంచం తిరిగిచ్చేస్తానని వచ్చింది. పెట్టుకోవడానికి గది లేదు, ఉంచుకోమన్నాడు.

బల్ల ఒక్కటే, కట్టరు ఒక్కడే. ఓనరు మొహమాటపడి, గోడవార ఖాళీ మిషను చూపించాడు. మాస్టారు కూర్చున్నాడు. నిలబడి అలవాటైన మనిషి కదా, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ జరిగేవాడు. కొత్త కట్టరు కోసిన ముక్కలు ఆయన ముందు పడేవి. "పెద్దాయనా, ఇవి జేబులు" అనేవాడు ఆ కుర్రాడు. రెండు నెలలు తిరక్కుండానే మాస్టారూ అని పిలిస్తే అతనే పలికేవాడు.

మాస్టారు నా గదికి మారాడు. పెట్టె మా ఇద్దరి చాపల మధ్య పడింది. దాని మీదే కంచాలు పెట్టుకుని తినేవాళ్ళం. లోపలి సామాను ఒక్కొక్కటే పైకి వచ్చింది. మొదట దువ్వెన, తర్వాత దుప్పటి. అక్క వచ్చి, "నేను ముందే అనుకున్నాను" అని రోలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడేమీ ముందు అనుకోలేదు. ఆకుపచ్చ కోటుని ఆయనే కుట్టు కుట్టూ విప్పాడు, గుడ్డ ఎక్కడా చిరగకుండా. ఆ గుడ్డ తర్వాత ఎవరి పంట్లామయిందో నేను అడగలేదు.

విచిత్రం ఏంటంటే, ఆదివారం ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. తిన్నారా, తిన్నాను. చలిగా ఉందా, ఉంది. ఇప్పుడు మధ్యలో గోడ కూడా లేదు. ఆ మాటలు వినలేక నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీదకి పోయేవాణ్ణి. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "ఇంకా ఎందుకు మాట్లాడతారు ఆవిడతో?"

"అడుగుతోందిగా, తిన్నానా అని. ఇంకెవరు అడుగుతున్నారు?"

నేను ఏ రోజూ అడగలేదన్న సంగతి అప్పుడు తట్టింది. తట్టినా అడగలేదు. నా నోరు అలాంటిది.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం ఫోన్ రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడో ఆదివారం మధ్యాహ్నం, ఎండ గుమ్మంలోంచి పెట్టె దాకా వచ్చి ఉంది. మాస్టారు పెట్టె మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఫోన్‌ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. నేను గోడకి ఆనుకుని చదువుకుంటున్నాను.

"ఒరేయ్" అన్నాడు. "దీనికేమైనా అయిందేమో. నువ్వొకసారి చెయ్యి."

పుస్తకం మూసి, నా ఫోన్ తీసి ఆయనకి చేశాను. ఆయన అరచేతిలో ఫోన్ వెలిగి మోగింది. కట్ చెయ్యమని సైగ చేస్తాడేమోనని చూశాను. చెయ్యలేదు. తల కాస్త వంచి, అది మోగుతున్నంతసేపూ విన్నాడు. దానంతటదే ఆగిపోయింది.

"బాగానే ఉంది" అన్నాడు.