చదివినంకనే మూత తియ్యాలె

సోమవారం. పొద్దున్నుంచే ఉక్కపోత. నా మెకానిక్ షెడ్డు వెనుక నీళ్ల డ్రమ్ము కడిగి బోర్లించిన. పది గంటలకు సిస్టరమ్మ చెల్లెలి బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, పెద్దమ్మ పోయింది" అన్నది. నల్గొండ దవాఖానలో, తెల్లవారకముందే.

రోజూ చేసిన పని ఒక పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ రోజు డ్రమ్ము సంగతి తర్వాత ఏమీ రాయలేదు. ఇప్పుడు ఆమె చర్చివాళ్లు జ్ఞాపకాల పుస్తకం వేస్తూ నన్ను కూడా నాలుగు మాటలు రాయమన్నరు. నేను బడిలో ఎక్కువ చదువుకోలేదు. తెలిసినంత రాస్తున్న.

ఆమె సర్కారు దవాఖానలో నర్సు, అందుకే అందరికీ సిస్టరమ్మ. కూలికి పోయే ఇంట్లో పుట్టి, చదువుకొని, ఉద్యోగం చేసి, రిటైరైనంక చిట్యాలలో ఒక్కతే ఉండేది. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనియ్యదని క్లచ్ లేని పాత కారు కొన్నది. అందులో మామూలు గేర్లుండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంటది. ఆ బెల్టు జారకుండా కాపాడేది ఆయిలే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటిదాకా నేను రిపేరు చేసినవి లారీలు, జీపులు.

"గేర్‌బాక్సు ఆయిల్ మార్చు తమ్మీ" అని కారు వదిలిపెట్టి పోయింది. షెడ్డులో ఆటోమేటిక్ బండ్లకు పోసే ఎర్ర ఆయిల్ ఉన్నది. క్లచ్ లేని బండ్లన్నీ ఒకటే అనుకొని అదే పోసిన. ఫిల్టర్ జోలికి పోలేదు.

పది రోజులకు తిరిగొచ్చింది.

"ఎత్తు ఎక్కుతుంటే వణుకుతాంది తమ్మీ, చలిజ్వరమొచ్చినట్టు."

"బండి పాతది కదా సిస్టరమ్మా" అన్న.

ఆమె మూలకున్న ఎర్ర ఆయిల్ డబ్బా దిక్కు చూసింది.

మరునాడు కారుతో వచ్చిన పుస్తకం పట్టుకొచ్చి, స్టూలు మీద కూర్చొని, అద్దాలు పెట్టుకొని చదివింది. ఇంగ్లీషులో ఒక వాక్యం, తెలుగులో ఒక వాక్యం. "గీ బండికి దీని ఆయిలే పొయ్యాల్నంట. ఇంకోటి పోస్తే బెల్టు జారుతదంట." అద్దాలు తీసి నా మొఖం చూసింది. "రక్తం అందరికీ ఎర్రగనే ఉంటది. ఎర్రగున్నదని ఎవలదంటే వాళ్లది ఎక్కిస్తమా?"

నేను పోసిందేమిటో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు.

సరైన ఆయిల్ హైదరాబాదు నుంచి తెప్పించిన. ఒకసారి దించితే సగమే దిగుతది, మిగిలింది లోపలి సందుల్లోనే ఉంటది. అందుకని దించి, పోసి, కొంత దూరం నడిపి, మళ్లీ దించాలె. మూడుసార్లు చేసినం. గేర్‌బాక్సు కింద ఆయిల్ నిలిచే చాంబరు విప్పి ఫిల్టర్ మార్చిన. అరిగిన ఇనుప పొడిని పట్టుకునే చిన్న అయస్కాంతాలు చాంబరులో ఉంటయి. వాటిని తెల్లగుడ్డతో తుడిస్తే బూడిదరంగు ముద్ద వచ్చింది. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇనుప పలుకులు లేవు. బతుకుతది" అన్నది.

దవాఖానలో రక్తం ఎక్కించే ముందు ఒకరు సంచి మీదిది పైకి చదువుతరంట, ఇంకొకరు కాగితంలో చూసి సరే అంటరంట. ఆ పద్ధతే నాకు పెట్టింది. మూత తియ్యకముందు డబ్బా మీదిది నేను చదవాలె, పుస్తకంలో ఆమె చూడాలె. నాకు ఇంగ్లీషు రాదన్న. "ఒక్కొక్క అక్షరం చెప్పు. సిగ్గుపడితే పేషెంటు పోతడు" అన్నది. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు అట్ల ఆయిల్ డబ్బాల మీద నేర్చుకున్నవే.

ఏడాదికోసారి వచ్చేది. చదవకుండా మూత మీద చెయ్యేస్తే "ఆగు డాక్టర్‌సాబ్!" అని ఎక్కిరించేది. ఒకసారి వేరే కారాయన, ఈ ఆయిల్ మార్చే పనే లేదు, జీవితాంతం ఉంటదని వాదించిండు. ఆమె టీ తాగుతూ "ఎవరి జీవితాంతం సార్, నీదా, బండిదా?" అన్నది. ఆయన మరుసటి వారం వచ్చి మార్పించుకున్నడు.

ప్రతిసారీ ఆమె సరే అన్నంక, కొత్త ఆయిల్ సన్నగా దిగుతుంటే, మా ఇద్దరికీ ఏ పనీ ఉండేది కాదు. మొదట పోసింది ఎర్ర ఆయిలేనని అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చేది. అట్ల ఏండ్లు గడిచినయి. ఈసారి కారు నా దగ్గర విడిచిపోయినంకనే ఆమెకు జబ్బు చేసింది. దవాఖానకు చూడనీకి పోతే "బండి ఎట్లున్నది?" అని ఆమే అడిగింది. మంచిగున్నదని చెప్పి వచ్చేసిన.

పోయిన బుధవారం చెల్లెలి బిడ్డ కారు కోసం అచ్చంపేట నుంచి వచ్చింది. ఫిల్టర్, ఆయిల్ మార్చి షెడ్డు ముందు పెట్టిన. ఈసారి నేనే చదివిన, నేనే చూసుకున్న.

"పెద్దమ్మ అందరికీ చెప్పేది అన్నా. ఈ బండి మొదట్లనే చచ్చేదట, మీరే బతికించిన్రట."

"చంపబోయింది కూడా నేనే బిడ్డా" అన్న. ఏం పోసిన్నో, ఏం అబద్ధం చెప్పిన్నో అంతా చెప్పిన.

ఆ బిడ్డ కారెక్కి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నది.

"గీ మాట ఆమెకెందుకు చెప్పలే?"

"ఆమె అడగలేదు."

"పెద్దమ్మ ఎవ్వల్నీ అడగది అన్నా. వాళ్లే చెప్తరేమోనని చూసేది."

తలుపేసుకున్నది. కారు ఏ కుదుపూ లేకుండా కదిలి హైవే ఎక్కింది.

ఆ రోజు పుస్తకంలో ఇట్ల ఉన్నది:

బుధవారం. పొద్దున్నుంచి తుంపర. సిస్టరమ్మ కారు పోయింది. షెడ్డు ముందు అది నిలబడ్డ జాగా ఒక్కటే పొడిగా, కారంత పొడుగు, కారంత వెడల్పు ఉన్నది. నిలబడి చూసిన. దాని మీద కూడా ఒక్కొక్క చినుకు పడి కలిసిపోయింది. తర్వాత నట్లు విప్పే పానాలన్నీ తుడిచి పెట్టెలో పెట్టిన.