ఐదో పేరు

అరవైల చివర్లో ఒక మధ్యాహ్నం, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో నా ఎదుట ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. ఒళ్లో బ్యాటు, చేతిలో నాలుగు పేర్లు రాసిన కాయితం.

"చెల్లెమ్మా, నీకు బాల్ బ్యాడ్మింటన్ తెలుసా?"

"తెలియదండి."

"మంచిదే. ఆడేది ఐదుగురు. ఐదోవాడి కోసం చూస్తున్నా. ఒకాయనకి మంచి పేరుంది గానీ మోకాలు వంగట్లేదు. ఇంకో కుర్రాణ్ణి ఎవరూ ఎరగరు గానీ లేడిలా పరిగెడతాడు. ఎవర్ని రాయమంటావు?"

"పరిగెత్తేవాణ్ణేనండి," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. ఒళ్లోని బ్యాటుని ఒకసారి నిమిరి, ఒక పేరు రాసి, కాయితం మడిచాడు.

రేపల్లెలో దిగగానే ఆటగాళ్లు ఆయన్ని చుట్టుముట్టారు.

"కెప్టెన్ గారొచ్చారు!"

"కెప్టెన్ని కాదురా. ఇవాళ్టి నుంచి మీ మేనేజర్ని," అంటూ బ్యాటు ఒక కుర్రాడి చేతిలో పెట్టాడు. నాలుగడుగులు కుంటుకుంటూ నడిచి, ఆగి, నాకు నమస్కారం పెట్టాడు. తిరిగి దణ్ణం పెట్టాలో, క్షమించమని అడగాలో తెలియక అలాగే నిలబడిపోయాను.

ఆయన చేతికింద ఆ జట్టు ఏళ్ల తరబడి గెలిచిందని తర్వాతెప్పుడో బాపట్లలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. సంతోషించాలో బాధపడాలో అప్పుడూ తెలియలేదు.