నేను మరాఠీలో చెప్పని మాట

మొన్న పక్కింటి కోడలు వచ్చి, అత్తను సర్కారు దవాఖానకు తీసుకెళ్తున్నానని, డాక్టరుకు మరాఠీలో చెప్పడానికి కాస్త వెంట రమ్మని అడిగితే, మోకాళ్ల నొప్పి సాకు చెప్పి పంపించేశాను. మహారాష్ట్ర అంచున మా సిరోంచలో బట్టల దుకాణం నడిపి ముసలివాణ్ణయిన నాకు మరాఠీ మంచినీళ్ల ప్రాయం. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు సర్కారు కచేరీలో ఎవరికి ఏ పని పడినా నన్నే వెంటబెట్టుకెళ్లేవాళ్లు, నాకూ అదొక గొప్పగా ఉండేది. ఆ గొప్పే మా తమ్ముడి కొంప ముంచింది.

తమ్ముడికి ఇరవై దాటాక చెవుల్లో ఎవరో మాట్లాడే జబ్బు పట్టుకుంది. నది మీద వంతెన కట్టాక మంచిర్యాల తీసుకెళ్లి చూపిస్తే, అక్కడి డాక్టరు మందులు రాశాడు గానీ కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఆయనకెక్కడిది? గొంతులు కొంత తగ్గాయి, నిద్ర మాత్రం రాలేదు, నిద్ర లేక మళ్లీ గొంతులు పెరిగేవి. అప్పుడే మా దవాఖానకు వారానికొకసారి చంద్రపూర్ నుంచి మనసు జబ్బుల వాళ్లతో మాట్లాడే ఒకామె రావడం మొదలైంది. అక్కా అన్నట్టు మరాఠీలో అందరం తాయి అనేవాళ్లం. మాట్లాడుతూనే నిద్ర దారిలో పెట్టవచ్చని ఆమె అంటే, కబుర్లతో కడుపు నిండుతుందా అని నవ్వాను. అయినా ఆశ చావక తీసుకెళ్లాను. ఆమెకు తెలుగు రాదు, వాడికి బేరమాడేంత మరాఠీయే తప్ప మనసు చెప్పుకునేంత రాదు. మధ్యలో నేను కూర్చున్నాను.

ఎన్నింటికి పడుకున్నాడు, పగలు కునుకు తీశాడా అని అడిగి అడిగి, నాలుగో వారం, పక్క ఎక్కగానే మనసులో ఏం మెదులుతుందని అడిగింది. వాడు నావైపు తిరిగాడు.

"అన్నా, నేను పండుకుంటే నిన్ను సంపుతమంటున్నరు. గందుకే కావలుంటున్న."

 ఈ మాట చెబితే వాణ్ణి నాగపూర్ పిచ్చాసుపత్రికి పంపేస్తారని భయం, బజారులో తల ఎత్తుకోలేనని సిగ్గు. దుకాణం గురించి దిగులు పడుతున్నాడట అని చెప్పాను.

పాపం, తాయి నమ్మింది. సాయంత్రమే దుకాణం సంగతులన్నీ మాట్లాడి ముగించమంది, నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కమంది. అన్నీ చేశాం. నా ప్రాణానికి కాపలా ఉన్నవాడికి అవి ఏం పనికొస్తాయి? ఇంటికి వచ్చే దారిలో ప్రతిసారీ అడిగేవాడు, "తాయి ఏమన్నది? నిన్నెట్ల కాపాడాలెనో చెప్పిందా?" అని. చెబుతుందిలే అనేవాణ్ణి. ఆమెకేమో, కొంచెం నయం తాయీ అని చెప్పేవాణ్ణి. ఆమె సంతోషించింది, నయమైందని రాసుకుని రావడం మానేయమంది.

తర్వాత వాడు అడగడం మానేశాడు, మెల్లగా మాట్లాడడమే మానేశాడు. డాక్టరుకు ఇప్పటికీ తెలుగు రాదు గానీ, తాయి చోట మాత్రం తెలుగు వచ్చిన అమ్మాయి ఉంది, అక్కడ నాలాంటి వాడి అవసరం లేదు. నేను దాచినదంతా ఆమెకు చెప్పాను. ఆమె ఓపికగా వాణ్ణి అడుగుతుంది, వాడు ఎర్రబడ్డ కళ్లతో గోడను చూస్తూ కూర్చుంటాడు. ఇక ఎన్ని వసతులొచ్చి ఏం లాభం? వాడు నోరు తెరిచి చెప్పిన ఆ ఒక్క రోజు, ఆ గదిలో వాడి తెలుగు అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే.