టీబీ గోళీలు ఆగిన తర్వాత

పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో బొగ్గు బెల్టుల దగ్గర కాంట్రాక్టు పని చేసే చందూలాల్‌కు నిద్రతో ఎప్పుడూ తగువే. నైట్ డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి తండా అంతా లేచి కూర్చునేది. ట్రాక్టర్లు, టీవీలు, పిల్లల గోల. ఒళ్లు పుండులా ఉన్నా రెప్ప పడేది కాదు. చివరికి ఒక డాక్టరు నిద్రగోళీ రాశాడు. పొద్దున వేసుకుంటే ఎండ వాలేదాకా మొద్దులా పడుకునేవాడు. మత్తు దిగాక లేచి డ్యూటీకి పోయేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి.

తర్వాత దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. సర్కారు దవాఖానా మందులు భార్య ద్వాలి దగ్గరుండి మింగించింది. దగ్గు తగ్గింది, మనిషి తేరుకున్నాడు. నిద్రగోళీ మాత్రం పనిచేయడం మానేసింది.

"నకిలీది అంటగట్టిండు," అని మెడికల్ షాపు మార్చాడు. లాభం లేకపోయింది. ఒకటికి రెండు చేశాడు, ఆ పైన మూడు. టీబీ చూసే డాక్టరమ్మ ప్రసూనకు ఈ సంగతి చెప్పలేదు. తిడుతుందని భయం.

టీబీ కోర్సు అయిపోయింది. కొన్నాళ్లకు చందూలాల్ కూర్చున్నచోటే తూగడం మొదలుపెట్టాడు. ద్వాలి సంతోషించింది.

"రోగం పోయింది గదా. ఒళ్లు పాత నిద్రంతా అడుగుతున్నది," అంది.

ఒక సాయంత్రం చుట్టాలింటికని ఆమెను బండి మీద ఎక్కించుకుని చండ్రుగొండ బయల్దేరాడు. దారిలో కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో అతనికి తెలియదు. తెలిసేసరికి బండి కల్వర్టుకు కొట్టుకుని ఉంది. అతనికి మోకాళ్లు గీరుకుపోయాయి. ద్వాలి భుజం నుగ్గయింది.

దవాఖానాలో ప్రసూన గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు.

"టీబీ మందుల్లో ఒకటి కార్జాన్ని, అదే లివర్‌ను, ఉరికిస్తది," అంది ఆమె. "నిద్రగోళీ ఒంట్లో నిలవకముందే కార్జం దాన్ని విరిచి పారేస్తది. అందుకే నీకు ఎక్కలే. టీబీ మందు ఆగినంక కార్జం మళ్ల దాని నడకకొచ్చింది. నువ్వేమో మూడు గోళీలు అట్లనే మింగినవ్. నిన్నటిది దిగకముందే ఇయ్యాళ్టిది మీద పడ్డది."

"నాకు తెల్వదమ్మా."

"అవ్. నేనూ అడగలే."

ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయని, గోళీలను మెల్లమెల్లగా తగ్గించే పద్ధతి చెప్పింది. చందూలాల్ అలాగే తగ్గించాడు. పగలంతా పైకప్పు రేకులు చూస్తూ పడుకోవడం మళ్లీ అలవాటు చేసుకున్నాడు.

ద్వాలి భుజం అతికింది గానీ చెయ్యి తల దాకా లేవదు. మిర్చి కోతలకు పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. పొద్దున్నే ఆమె వీపు తిప్పి కూర్చుంటే చందూలాల్ జడ అల్లుతాడు. అది వంకరగానే వస్తుంది.

"నన్ను తిట్టొచ్చు గదనే," అన్నాడొకసారి.

"కార్జాన్ని తిట్టాల్నా, నిన్ను తిట్టాల్నా?" అంది ద్వాలి, వెనక్కి తిరగకుండానే.

ఊరికి పోవాల్సి వస్తే అతను ఇప్పటికీ బండి బయటికి తీస్తాడు. ఆమె చూడనట్టు నడిచిపోయి, రోడ్డు మీద ఆటో కోసం నిలబడుతుంది.